పాత ఏ.సి. మార్చుటకు ముందు వేయవలసిన లెక్క

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవి గడిపినవారికి ఈ సామెత అతిశయోక్తిగా తోచదు. 2015 సంవత్సరము మే మాసములో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిసి పదునైదు వందలకు పైగా ప్రాణములు పోయినవి. ఎండలో కష్టించు కూలీలు, వృద్ధులు ఇట్టి విపత్తునకు ముందుగా గురియగుదురు. కావున ఇల్లు చల్లగా నుంచుకొనుట విలాసము కాదు. అది ఆరోగ్య రక్షణలో భాగము.

నేడు గ్రామములందును ఏ.సి. యంత్రములు పెక్కు ఇండ్లలో కనిపించుచున్నవి. పది పండ్రెండేండ్ల క్రిందట కొన్నవి ఇపుడు తరచుగా మరమ్మతులకు వచ్చుచున్నవి. “దీనినే బాగుచేయింతమా, క్రొత్తది కొందుమా?” యని గృహస్థులు ఆలోచించుచున్నారు. పంచాయతీ కార్యాలయపు యంత్రము చెడినపుడు ఇదే ప్రశ్న సభ్యుల యెదుటికి వచ్చును. దీనికి సమాధానము అంగడివాని మాటలో లేదు. మనము వేసికొను లెక్కలో ఉన్నది.

యంత్రము చేయు పని

ఏ.సి. చల్లదనమును పుట్టించునని పలువురు తలంతురు. నిజమునకు అది గదిలోని వేడిని తోడి వెలుపల పోయును. బావిలోని నీటిని తోడుట వంటిదే ఈ పని. ఊట ఎక్కువైన కొలది తోడుడు శ్రమ ఎక్కువగును. అటులనే గోడల ద్వారా, కప్పు ద్వారా, తలుపు సందుల ద్వారా వేడి వచ్చుచున్నంత కాలము యంత్రము కరెంటును ఖర్చుచేయుచునే యుండును.

“టన్ను” అనునది యంత్రపు బరువు కాదు. సుమారు 907 కిలోల మంచుగడ్డ ఇరువదినాలుగు గంటలలో కరుగుటకు ఎంత వేడి కావలెనో, అంత వేడిని అదే కాలములో తోడివేయు శక్తికి ఒక టన్ను అని పేరు. గది చిన్నదై, నీడ పట్టున ఉన్నపుడు పెద్ద యంత్రము కొనుట వృథా వ్యయము.

మరియొక అపోహ కలదు. ఏటేట గ్యాసు నింపించుట సహజమని అనుకొనుచున్నారు. ఏ.సి.లోని గ్యాసు పెట్రోలువలె ఖర్చయిపోవు వస్తువు కాదు. గొట్టములలో తిరుగుచు మరల మరల పనిచేయును. అది తగ్గినదన్నచో ఎచ్చటనో కారుచున్నదని అర్థము. కారు చోటును మూయకుండ గ్యాసు నింపించుట చిల్లికుండలో నీరు పోయుటయే. పాత యంత్రములు పెక్కింటిలో ఆర్-22 అను గ్యాసు ఉండును. అది భూమిని కాపాడు ఓజోను పొరకు హానికరము కనుక, 1987లో కుదిరిన మాంట్రియల్ ఒడంబడిక ననుసరించి దాని వాడకమును ప్రపంచ దేశములు క్రమముగా మాన్పుచున్నవి. క్రొత్త యంత్రములలో విరివిగా వాడుచున్న ఆర్-32కు కొంత మండు స్వభావము కలదు. దానిని పాత యంత్రములో నింపరాదు. పని తెలిసిన మేస్త్రీచేతనే బిగింపించవలెను.

వెల వేరు, ఖర్చు వేరు

అంగడిలో చెప్పు వెల మొత్తము ఖర్చులో ఒక భాగము మాత్రమే. ఒక ఉదాహరణము తీసికొందము. యంత్రము వెల 40,000 రూపాయలు, బిగింపు కూలి 1,500, అదనపు రాగి గొట్టము, స్టాండు 2,500, ప్రత్యేకమైన తీగ, ఎం.సి.బి., ఎర్తు 3,500, స్టెబిలైజరు 2,500 అనుకొందము. మొత్తము 50,000 రూపాయలు. పాత యంత్రమునకు 3,000 వచ్చినచో నికరముగా 47,000 రూపాయలు. ఈ అంకెలు ఊరినిబట్టి మారును. లెక్క వేయు పద్ధతి మారదు. 2025 సెప్టెంబరు 22 నుండి ఏ.సి.లపై జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. అంగడివాడు చెప్పు వెలలో పన్ను చేరియున్నదో లేదో అడిగి తెలిసికొనవలెను.

ఇక ఆదా సంగతి. పాత యంత్రము గంటకు సగటున ఒకటిన్నర యూనిట్లు, క్రొత్తది 0.8 యూనిట్లు కాల్చుననుకొందము. గంటకు 0.7 యూనిట్లు మిగులును. గృహములకు కరెంటు ధర వాడకముతో పాటు మెట్లు మెట్లుగా పెరుగును కనుక, మిగులు యూనిట్లు మన బిల్లులోని పై మెట్టుకు చెందినవి. ఆ ధర 8 రూపాయలనుకొందము.

సంవత్సరమునకు 1,200 గంటలు వాడు ఇంటిలో 840 యూనిట్లు, అనగా 6,720 రూపాయలు మిగులును. ఏడేండ్లలో పెట్టుబడి తిరిగి వచ్చును. రెండు మాసములు, రాత్రికి ఎనిమిది గంటల వంతున 480 గంటలు మాత్రమే వాడు ఇంటిలో మిగులునది 336 యూనిట్లు, అనగా 2,688 రూపాయలే. పెట్టుబడి తిరిగి వచ్చుటకు పదునేడేండ్లు దాటును. అప్పటికి ఆ క్రొత్త యంత్రమే పాతదగును! అట్టివారు చిన్న మరమ్మతుతో సరిపెట్టుకొనుట మేలు. కంప్రెసరు చెడిపోయి మరమ్మతు వ్యయము క్రొత్త వెలలో సగమునకు చేరినపుడు మాత్రము మార్చుటయే ఉచితము.

కొనునపుడు నక్షత్రముల చీటీని చదువవలెను. ఇంధన పొదుపునకై 2002లో ఏర్పడిన కేంద్ర సంస్థ ఈ చీటీలను 2006లో ప్రవేశపెట్టినది. నక్షత్రములతో పాటు సంవత్సరమునకు ఎన్ని యూనిట్లు కాలునో దానిపై అచ్చువేసి యుండును. ఆ అంకె 1,600 గంటల వాడకమునకు లెక్కించినది. మన వాడకము అందులో సగమైనచో యూనిట్లను కూడ సగముగా తీసికొనవలెను. యంత్రమును 24 డిగ్రీలపై ఉంచి, పంకా త్రిప్పుకొనుట మంచిది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు 6 శాతము కరెంటు ఆదా యగునని ఆ సంస్థ తెలుపుచున్నది.

ముందు కప్పు, పిమ్మట యంత్రము

మన ఇండ్లలోనికి వేడి ముఖ్యముగా కప్పునుండి దిగును. కాంక్రీటు డాబా పగలంతయు ఎండను పీల్చి రాత్రియంతయు గదిలోనికి విడుచును. రేకుల ఇండ్లు మధ్యాహ్నమునకే కొలుములగును. తెల్లని పూత ఎండను వెనుకకు త్రిప్పివేయును. మేడపై సున్నము పూసినచో గదిలో కొన్ని డిగ్రీలు తగ్గును. వానలకు పూత పోవును కనుక ఏటేట ఫాల్గుణ మాసములో మరల పూయవలెను. పడమటి కిటికీకి తడక, ముంగిట వేపచెట్టు ఇట్టివే. ఊట తగ్గించిన బావికి చిన్న మోటారు చాలును గదా!

పొడి ఎండలు కాయు తెలంగాణ, రాయలసీమ ప్రాంతములలో నీటి కూలరు బాగుగా పనిచేయును; ఏ.సి.తో పోల్చిన దానికి కరెంటు స్వల్పముగా చాలును. కిటికీ తెరచి వాడవలెను. ఉక్కపోత గల సముద్రతీర గ్రామములలో మాత్రము దాని ప్రయోజనము తక్కువ.

సభ్యుల బాధ్యత

తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. దాని యందలి మర్మమును ఏ పంచాయతీ యైనను గ్రహింపవచ్చును. ఒక చిన్న ఇంటి కప్పునకు సున్నము, జిగురు, కూలి కలిపి 1,500 రూపాయలగు ననుకొన్నచో, ఒక ఏ.సి.కి పట్టు 47,000 రూపాయలతో 31 ఇండ్ల కప్పులు తెల్లబడును. యంత్రము ఒక గదిని చల్లబరచును. సున్నము ఒక వీధిని చల్లబరచును. వడదెబ్బకు ముందుగా గురియగువారు యంత్రము కొనలేనివారే యని మరువరాదు. అంగన్వాడీ కేంద్రము, పాఠశాల, ఒంటరి వృద్ధుల ఇండ్లు, రేకుల ఇండ్లు ముందు వరుసలో నుండవలెను. కార్యాలయపు యంత్రము సంగతి ఆ పిమ్మట ఆలోచింపవచ్చును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన కార్యాలయపు ఏ.సి. సంవత్సరమునకు ఎన్ని గంటలు నడచుచున్నది? క్రొత్తది కొన్నచో పెట్టుబడి ఎన్నేండ్లకు తిరిగి వచ్చును?

2. గ్యాసు నింపుటకై గడచిన మూడేండ్లలో ఎంత వ్యయమైనది? కారు చోటును మూయించితిమా?

3. గ్రామములో రేకుల ఇండ్లెన్ని? వానిలో ఒంటరి వృద్ధులెందరు?

మూడవ ప్రశ్నకు సమాధానము వ్రాసికొని, రాబోవు ఫాల్గుణమునకు ముందే సున్నము సిద్ధము చేయు పంచాయతీ తన ధర్మమును నెరవేర్చినదగును.