వరి పొలంలో యాపిల్ నత్తలు - గుర్తింపు లక్షణాలు

వరి మడిలో బొద్దుగా ఉన్న పెద్ద నత్త కనిపించగానే మెటాల్డిహైడ్ గుళికలు చల్లుట సరికాదు. అది తరతరాలుగా మన చెరువులలో, మడులలో జీవించుచున్న దేశవాళీ యాపిల్ నత్త, పైలా గ్లోబోసా, కావచ్చును. ముక్కు నడుమ సందు గల కొంగకు ఇదే ముఖ్యాహారం. దీనిని పోలిన బంగారు యాపిల్ నత్త, పొమాషియా కెనాలిక్యులేటా, దక్షిణ అమెరికాకు చెందినది. 1980 ప్రాంతంలో ఆహారం కొరకు తైవాన్‌కు తెచ్చిన ఈ నత్త పెంపక కేంద్రాల నుండి బయటపడి, ఆగ్నేయాసియా దేశాలలో లేత వరి పైరును కొరికివేసే ప్రధాన చీడగా మారినది. ఒకదానిని మరొకటిగా భావించినచో రెండు విధాల నష్టం: నిరపాయకరమైన నత్త నశించును, లేదా ప్రమాదకరమైన నత్త గమనింపబడక వ్యాపించును.

గుల్ల రంగు, పరిమాణం వయసును, నీటిని బట్టి మారును గనుక వాటిపై ఆధారపడరాదు. ఈ క్రింది మూడు లక్షణాలను వరుసగా పరిశీలించవలెను.

1. గుడ్లు: దేశవాళీ నత్త గట్ల వెంట తేమ మట్టిలో తెల్లని గుడ్లు పెట్టును. బంగారు యాపిల్ నత్త నీటిమట్టానికి పైన, వరి కాడలపైనను కర్రలపైనను ముదురు గులాబీ రంగు గుడ్లను గుత్తులుగా అంటించును. పొలంలో దూరం నుండే కనిపించే గుర్తు ఇది.

2. మూత: గుల్ల నోటిని మూసే బిళ్ళను గోటితో నొక్కి చూడవలెను. దేశవాళీ నత్త మూత లోపలివైపు సున్నపు పొరతో గట్టిగా ఉండును. రెండవదాని మూత కొమ్ము వంటి పదార్థంతో ఏర్పడి, పలుచగా వంగును.

3. చుట్ల నడుమ గాడి: బంగారు యాపిల్ నత్త గుల్ల చుట్లు కలిసే చోట లోతైన కాలువ వంటి గాడి ఉండును. కెనాలిక్యులేటా అను పేరు దీనినే సూచించును. దేశవాళీ నత్తలో ఇంతటి లోతు గాడి ఉండదు.

అక్వేరియంలలో పెంచే కొన్ని నత్తలు కూడా పొమాషియా ప్రజాతికి చెందినవే. కనుక గులాబీ గుడ్లు ప్రజాతిని సూచించగలవే గాని, జాతి నిర్ధారణకు నిపుణుల పరీక్ష అవసరం. అక్వేరియం నత్తలను కాలువలలో, చెరువులలో విడువరాదు.

అనుమానం కలిగినచో చేతి తొడుగులు ధరించి నత్తను, గుడ్ల గుత్తిని సేకరించి, స్థలం, తేదీ వ్రాసి, సమీప కృషి విజ్ఞాన కేంద్రానికి అందజేయవలెను. నిర్ధారణ అయ్యేవరకు ఆ మడి నీటిని ఇతర మడులలోనికి పారనీయరాదు. ముందు గుర్తింపు, తరువాతనే నివారణ.