ఫైర్‌వాల్‌కు సనదు: డిజిటల్ ధ్రువపత్ర స్థాపన

‘సనదు’ అను మాట మన కళాశాలలో ఉర్దూ విద్యార్థులకును, తెలుగు విద్యార్థులకును పరిచితమే. విశ్వవిద్యాలయము పట్టభద్రునకు ఇచ్చు పత్రము సనదు. జమీందారులకు ప్రభువులిచ్చిన అధికారపత్రము తెలుగున ‘సన్నదు’ అయినది. హదీసు శాస్త్రమున ఉల్లేఖకుల పరంపరయు సనదే. అందు ఒక్కరు నమ్మదగనివారైనను ఆ ఉల్లేఖనము బలహీనమగును. డిజిటల్ ధ్రువపత్రము కూడ ఇట్టి సనదే. దానిని ఫైర్‌వాల్‌లో మన చేతులతో స్థాపించు విధానమును ఈ వ్యాసమున పరిశీలింతము.

ఫైర్‌వాల్ ఒక సంస్థ నెట్‌వర్కునకు ద్వారపాలకుని వంటిది. దూరమునుండి లోనికి రాదలచిన ఉద్యోగి ముందుగా, “ఇది మా సంస్థ ద్వారమేనా?” అని తెలిసికొనవలెను. లేనిచో అతని రహస్యపదము వంచకుని పాలగును. ఆ ప్రశ్నకు సమాధానమే ధ్రువపత్రము.

దీనికి మూలము జంట తాళపుచెవుల సిద్ధాంతము. 1976లో డిఫీ, హెల్‌మన్ అను శాస్త్రజ్ఞులు దీనిని ప్రకటించిరి. ఒక చెవి రహస్యము, రెండవది బహిరంగము. రహస్యపు చెవితో చేసిన సంతకమును బహిరంగపు చెవితో ఎవరైనను పరీక్షింపవచ్చును. అయితే ఆ బహిరంగపు చెవి ఎవరిదో చెప్పువారెవరు? 1978లో కోన్‌ఫెల్డర్ అను అమెరికా విద్యార్థి తన సిద్ధాంతవ్యాసమున ధ్రువపత్రమను ఉపాయమును సూచించెను. 1988లో ‘ఎక్స్.509’ అను ప్రమాణము దానికొక రూపమొసగెను.

ఇక విధానము. మొదట ఫైర్‌వాల్ గడియారమును సరిచేయవలెను. ధ్రువపత్రమునకు ఆరంభదినము, అంత్యదినము ఉండును గదా. పిమ్మట పరికరమునకు పూర్తి పేరు పెట్టి, జంట చెవులను పుట్టింపవలెను. ఆర్.ఎస్.ఎ. పద్ధతిలో నేడు 2048 బిట్లకు తక్కువ పనికిరాదు.

రెండవది, ధ్రువీకరణ సంస్థ యొక్క మూలపత్రమును ఫైర్‌వాల్‌లో చేర్చుట. అప్పుడు పరికరము ఆ పత్రపు ‘వేలిముద్ర’ను, అనగా దానినుండి గణించిన అక్షరాంకముల వరుసను, తెరపై చూపి అంగీకారమడుగును.

మూడవది, అభ్యర్థన. ఇందు పరికరపు పేరు, బహిరంగపు చెవి, పరికరపు సంతకము ఉండును. రహస్యపు చెవి మాత్రము పరికరమును విడిచిపోదు. ఈ అభ్యర్థనను ప్రతితీసి సంస్థకు పంపగా, వారు విచారించి తమ సంతకముతో ధ్రువపత్రమును ఇత్తురు.

నాల్గవది, దానిని తెచ్చి ఫైర్‌వాల్‌లో అతికించుట. నడుమ తాళపుచెవులను మరల పుట్టించినచో పత్రము వాటితో సరిపోలక తిరస్కరింపబడును. చివరగా పత్రమును బయటి ద్వారమునకు జతపరచి, అమరికను భద్రపరుపవలెను.

ఈ మెట్లన్నిటిలో మిక్కిలి కీలకమైనది రెండవది. తక్కిన పత్రములకు పైవారి సంతకము సాక్ష్యము. మూలపత్రముపై సంతకము దానిదే. దానికి పైన సాక్షి లేడు. కనుక ఆ వేలిముద్రను టెలిఫోనులోనో, ముద్రిత పత్రములోనో వేరుమార్గమున తెలిసికొని, అక్షరమక్షరము పోల్చి చూడవలెను. చూడక ‘సరే’ అనినచో, నకిలీ మూలమును నమ్మినవారమగుదుము.

మూలము నిజమైనదే అయినను దానిని కాపాడువారు ఏమరరాదు. 2011లో నెదర్లాండ్సునందలి డిజినోటార్ అను ధ్రువీకరణ సంస్థలో దొంగలు చొరబడి, గూగుల్ పేరిటి పత్రముతో సహా 500కు పైగా నకిలీ పత్రములను సృష్టించిరి. ఇరాన్‌లోని అనేకుల ఉత్తరములు పరుల కంటబడు స్థితి ఏర్పడెను. బ్రౌజర్లు ఆ సంస్థ మూలపత్రమును తొలగించెను; ఆ సెప్టెంబరులోనే సంస్థ దివాలా తీసెను.

విద్యార్థులారా! గణితము సంతకమును పరీక్షింపగలదు. ఎవరిని నమ్మవలెనో అది నిర్ణయింపజాలదు. ఉల్లేఖకుల జీవితములను ఒక్కొక్కటిగా విచారించిన హదీసు పండితుల ఓర్పు, ‘సరే’ అను మీటను నొక్కు ముందు మనకును ఉండవలెను.