సౌండ్‌చెక్ కంటే ముందు: మ్యూజిక్ ఫెస్టివల్‌లో పెళ్లి ప్లాన్ చేయడం ఎలా?

ఫ్రెండ్స్, మ్యూజిక్ ఫెస్టివల్‌లో పెళ్లి అనగానే మనకి కళ్ల ముందు కనబడేవి స్టేజి, లైట్లు, వెనకాల కొండలు, ఇన్‌స్టా రీల్. ప్లానింగ్ కూడా అక్కడి నుంచే మొదలవుతుంది: ఏ బ్యాండ్, ఏ రోజు, ఏ డ్రెస్. అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ సాయంత్రం జరిగింది చట్టం దృష్టిలో పెళ్లా, పెళ్లి లాంటి ప్రోగ్రామా? రేపు స్పౌజ్ వీసాకి అప్లై చేసినప్పుడు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసినప్పుడు, ఆస్తి పంచుకోవాల్సి వచ్చినప్పుడు ఆఫీసర్ అడిగేది ఇదే. రీల్‌కి ఎన్ని లైకులొచ్చాయో ఎవరూ అడగరు.

కాబట్టి దీన్ని మన సబ్జెక్ట్ పద్ధతిలో, డిపెండెన్సీ గ్రాఫ్‌లా చూద్దాం. ఏ పని దేని మీద ఆధారపడి ఉందో గీసుకుంటే, ఏది ముందు చెయ్యాలో అదే తెలుస్తుంది.

1. ముడి ఎక్కడ పడుతుంది?

ప్రతి దేశం పెళ్లిని ఏదో ఒకదానికి కట్టేస్తుంది. ఇంగ్లండ్ ప్రధానంగా స్థలానికి కడుతుంది. స్కాట్లాండ్ పెళ్లి జరిపించే మనిషికి కడుతుంది. మన హిందూ వివాహ చట్టం తంతుకి కడుతుంది. ఫెస్టివల్ పెళ్లి ఎంత కష్టమో, ఏ చోట కష్టమో ఈ ఒక్క తేడా చెప్పేస్తుంది.

2. ఇంగ్లండ్: స్థలం

ఫెస్టివల్ అంటే చాలామందికి మొదట గుర్తొచ్చేది గ్లాస్టన్‌బరీ. సోమర్‌సెట్‌లో పిల్టన్ అనే ఊరి దగ్గర వర్దీ ఫామ్ అనే పాడి రైతు పొలంలో 1970లో మొదలైంది. మొదటి టికెట్ 1 పౌండు, దాంతోపాటు ఫ్రీగా పాలు. ఇప్పుడు 2 లక్షల మందికి పైగా వచ్చే తాత్కాలిక నగరం అది.

అలాంటి పొలంలో పెళ్లి చేసుకోవాలంటే? ఇంగ్లండ్, వేల్స్‌లో సివిల్ పెళ్లి రిజిస్టర్ ఆఫీసులో గానీ, స్థానిక కౌన్సిల్ ఆమోదించిన చోట గానీ జరగాలి. ఆమోదం దొరకాలంటే అక్కడ శాశ్వతమైన కట్టడం ఉండాలి. 2021 జులై 1 నుంచి ఆ కట్టడానికి చెందిన ఆరుబయట కూడా చేసుకోవచ్చన్నారు. ఆమోదం ఉన్న బిల్డింగ్ లేకుండా, ఉత్త పొలంలో టెంట్ వేసుకుంటే సరిపోదు.

స్థలం దొరికినా కండిషన్లు ఉన్నాయి. పెళ్లి చూడటానికి వచ్చే జనాన్ని డబ్బులు తీసుకోకుండా రానివ్వాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పే వీలుండాలన్నది దీని వెనక ఉద్దేశం. టికెట్ లేనిదే గేటు దాటనివ్వని ఫెస్టివల్‌కి ఈ ఒక్క రూల్ చాలు, తలనొప్పి తెప్పించడానికి. ఇంకోటి, సివిల్ పెళ్లిలో మతపరమైన తంతు ఉండకూడదు. అంటే మంత్రాలు, భజనలు ఆ వేడుకలో భాగం కాకూడదు. మనవాళ్లు అక్కడ సివిల్ పెళ్లి ఒకసారి, పురోహితుడితో పెళ్లి విడిగా ఇంకోసారి చేసుకోవడం అందుకే మామూలు విషయం అయిపోయింది.

తర్వాత నోటీసు. ఇద్దరూ స్వయంగా వెళ్లి కనీసం 28 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇమిగ్రేషన్ నియమాలు వర్తించే విదేశీయుల విషయంలో దాన్ని 70 రోజులకు పెంచొచ్చు. మాస్టర్స్‌కి వెళ్తున్న మన సీనియర్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. నోటీసులో వేదిక పేరు కూడా రాయాలి, వేదిక మారితే నోటీసు మళ్లీ మొదటికే. వానకి పొలం బురదైపోయింది, పక్కూరి హాల్‌కి మార్చేద్దాం అంటే కుదరదన్నమాట.

3. స్కాట్లాండ్: మనిషి

సరిహద్దు దాటితే ఆట మారుతుంది. అక్కడ పెళ్లి జరిపించే వ్యక్తికి అధికారం ఉందా లేదా అన్నదే ముఖ్యం. రిజిస్ట్రార్, మత పెద్ద, లేదా హ్యూమనిస్ట్ సెలబ్రెంట్ ఒప్పుకుంటే కొండ మీదా చేయొచ్చు, సముద్రం ఒడ్డునా చేయొచ్చు. అయితే ఇక్కడా కనీసం 29 రోజుల ముందే కాగితాలు ఇవ్వాలి, చోటు కూడా ముందే రాయాలి.

ఈ తేడాకి పాత కథ ఒకటుంది. ఇంగ్లండ్‌లో 1754లో అమల్లోకి వచ్చిన చట్టం చర్చి పెళ్లిని, 21 ఏళ్లు నిండనివాళ్లకు పెద్దల ఒప్పుకోలుని తప్పనిసరి చేసింది. ఆ చట్టం స్కాట్లాండ్‌కి వర్తించలేదు. దాంతో ప్రేమ జంటలు సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్‌కి పరుగెత్తేవి. అక్కడ ఇద్దరు సాక్షుల ముందు మాట ఇచ్చిపుచ్చుకుంటే చాలు. మన దగ్గర లేచిపోయిన జంట గుడికి వెళ్లినట్టు, అక్కడ కమ్మరి కొలిమికి వెళ్లేవాళ్లు. ఇప్పటికీ ఆ ఊరు పెళ్లిళ్లకే ఫేమస్.

4. మన దేశం: తంతు

1955 హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లికి ప్రత్యేకంగా ఆమోదించిన చోటు అక్కర్లేదు. కల్యాణ మండపం, ఇల్లు, గుడి, పొలం ఏదైనా ఓకే. వినడానికి ఫెస్టివల్ పెళ్లికి ఇంతకంటే తేలికైన దేశం లేదనిపిస్తుంది. కానీ సెక్షన్ 7 చదవండి. వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, అగ్ని ముందు ఇద్దరూ కలిసి ఏడో అడుగు వేసినప్పుడే పెళ్లి పూర్తవుతుంది.

మన పెళ్లిలో ముహూర్తం పడేది జీలకర్ర బెల్లం దగ్గర. ఫొటోగ్రాఫర్లు ఎగబడేది తాళి దగ్గర. చట్టం ఆగి చూసేది ఏడో అడుగు దగ్గర. "టైమ్ లేదు, దండలు మార్చుకుని స్టేజి దిగేద్దాం" అన్నారంటే, ఆచారంలో సప్తపది ఉన్న జంట అసలు పాయింటే వదిలేసినట్టు.

ఇది పుస్తకంలో మాట మాత్రమే కాదు. తంతు జరగకుండా ఒక సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్‌తో పెళ్లి రిజిస్టర్ చేయించుకున్న జంట కేసులో, 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అసలు పెళ్లే జరగలేదని తేల్చింది. రిజిస్ట్రేషన్ జరిగిన పెళ్లికి సాక్ష్యం అవుతుందే తప్ప జరగని పెళ్లిని పుట్టించలేదని వివరించింది. హిందూ వివాహం ఆటపాటలకీ విందులకీ సందర్భం కాదని కూడా ఆ తీర్పులో గట్టిగానే చెప్పింది. ఫెస్టివల్ పెళ్లి ప్లాన్ చేసేవాళ్లు ప్రింట్ తీసి పెట్టుకోవాల్సిన తీర్పు!

వేర్వేరు మతాలవాళ్లైతే, లేదా తంతు వద్దనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు కావాలి. పెళ్లి మ్యారేజ్ ఆఫీసర్ ఆఫీసులో గానీ, అక్కడికి సహేతుకమైన దూరంలో ఉన్న చోట గానీ జరగాలి. దూరంగా కొండల్లో ఫెస్టివల్ అయితే ఈ దారి కష్టమే. ముందే ఊళ్లో పెళ్లి ముగించి, ఫెస్టివల్‌లో రిసెప్షన్ పెట్టుకోవడం మేలు.

5. రెండు క్యాలెండర్ల గొడవ

చట్టం ఒప్పుకున్నా ఇంట్లో అమ్మమ్మ ఒప్పుకోవాలి కదా. ఆవిడ చేతిలో పంచాంగం ఉంటుంది. తమాషా ఏంటంటే, పేరున్న సంగీతోత్సవాలు చాలావరకు మనకి పెళ్లిళ్లు లేని రోజుల్లోనే పడతాయి. చెన్నై డిసెంబర్ సీజన్ అంటే మార్గళి, మనకి ధనుర్మాసం. తిరువయ్యూరు త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమికి. పుష్యం మనకి శూన్యమాసం. అరుణాచల్‌లో 2012 నుంచి జరుగుతున్న జీరో ఫెస్టివల్ సెప్టెంబర్‌లో వస్తుంది, 2024లో మహాలయ పక్షంలోనే పడింది. ఆఖరికి 2025 గ్లాస్టన్‌బరీ కూడా జూన్ చివర్లో ఆషాఢం మొదలయ్యే వేళకే వచ్చింది!

అంటే బ్యాండ్ లిస్ట్ చూసి టికెట్లు కొనేముందు పంచాంగం చూడాలి. తేదీ మార్చగలిగే శక్తి ఫెస్టివల్ దగ్గర మనకి లేదు, పంచాంగం దగ్గర అసలే లేదు. జీరోకి వెళ్లాలంటే ఇంకో సంగతి: అరుణాచల్ బయటి నుంచి వచ్చే భారతీయులకీ ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. శుభలేఖతోపాటు చుట్టాలందరికీ పర్మిట్ అప్లికేషన్ కూడా పంపాలన్నమాట, బాబాయి దగ్గర్నుంచి పురోహితుడిదాకా.

6. సౌండూ, నిప్పూ

పెళ్లికి సంగీతం మనకి కొత్తేం కాదు. తాళి కట్టే క్షణంలో నాదస్వరం, డోలు కలిపి గట్టిమేళం వాయించేది తుమ్ములాంటి అపశకునం చెవిన పడకుండా అంటారు. అది మన పెళ్లి కోసం వాయించే సంగీతం. ఫెస్టివల్‌లో పక్క స్టేజి మన ముహూర్తం కోసం ఆగదు. తక్కువ ఫ్రీక్వెన్సీ బాస్‌ని టెంట్ గుడ్డ ఆపలేదు, మంత్రం దాని కింద మునిగిపోతుంది. అందుకని రెండు బ్యాండ్ల మధ్య సామాన్లు మార్చే ఖాళీ టైమ్ కనుక్కుని, ముహూర్తం ఆ గ్యాప్‌లో పడుతుందేమో చూడాలి. పురోహితుడికి కాలర్ మైక్ పెట్టాలి.

రాత్రి ముహూర్తమైతే ఇంకో చిక్కు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లూ, వాయిద్యాలూ కుదరవు. పండుగలకి ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా సడలింపు ఇవ్వొచ్చు, అదీ అర్ధరాత్రి 12 దాకానే. తెల్లవారుజామున 2:40 ముహూర్తానికి అది అక్కరకు రాదు.

ఇక నిప్పు. జనం కిక్కిరిసిన చోట, గుడ్డ టెంట్ల మధ్య మంట వెలిగించాలంటే నిర్వాహకుల భద్రతా విభాగం ఒప్పుకోవాలి. చాలామంది దీన్ని డెకరేషన్ లిస్టులో ఆఖరున రాస్తారు. సెక్షన్ 7 గుర్తు తెచ్చుకోండి, ఏడడుగులు అగ్ని ముందు వేయాలంది. హోమగుండానికి పర్మిషన్ రాకపోతే సప్తపది ఆగుతుంది, సప్తపది ఆగితే పెళ్లి పూర్తవదు. మన గ్రాఫ్‌లో ఫైర్ సేఫ్టీ ఆఫీసర్ సంతకం నుంచి మ్యారేజ్ సర్టిఫికెట్ దాకా సూటిగా బాణం గీయొచ్చు.

7. చివరి ఆర్డర్

మొత్తం కలిపితే వరస ఇలా వస్తుంది. ముందు ఏ దేశం, ఏ చట్టం అన్నది తేల్చుకోవాలి. తర్వాత పంచాంగాన్నీ ఫెస్టివల్ తేదీల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆపైన నోటీసులు, పర్మిట్లు. తర్వాత నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా మూడు విషయాలు తీసుకోవాలి: చోటు, టైమ్ స్లాట్, నిప్పు. అప్పుడు చుట్టాల టికెట్లు. గ్లాస్టన్‌బరీలా ఫొటోతో రిజిస్టర్ చేసి టికెట్ ఇచ్చే చోట ఒకరి టికెట్‌తో ఇంకొకరు వెళ్లలేరు, కాబట్టి ఆఖరి నిమిషంలో మావయ్య బదులు అత్తయ్య అంటే కుదరదు. డ్రెస్, డ్రోన్, ప్లేలిస్ట్ అన్నిటికంటే చివర. ఆ రోజు సప్తపది మొత్తాన్ని ఆపకుండా వీడియో తీయించండి, తిరిగి రాగానే పెళ్లి రిజిస్టర్ చేయించండి.

ఇంత చేయడం కుదరకపోతే రెండో దారి ఉంది. ఊళ్లో మండపంలో పొద్దున్నే ఏడడుగులు వేసేసి, ఏ నెలలో వచ్చినా సరే ఫెస్టివల్‌కి కొత్త జంటగా వెళ్లండి. అప్పుడు బురదైనా వానైనా, పక్క స్టేజి బాస్ ఎంత దద్దరిల్లినా, పెళ్లికి వచ్చే ఢోకా ఏమీ లేదు.