బీడుగడ్డికి నత్రజని యెరువు

తెలంగాణపు చెలక బీడులలో గడ్డి పలుచగా మొలచి, వేసవి రాకమునుపే పశువులకు మేత కొరవడుచుండును. ఈ నేలలలో నత్రజని తక్కువగుట ఇందుకొక కారణము.

యూరియాయందు నూటికి 46 పాళ్లు నత్రజని కలదు. తొలకరికి నేల బాగుగా తడిసి గడ్డి చిగిర్చిన పిమ్మట దీనిని చల్లినచో మేత దట్టమగును. అందలి మాంసకృత్తులును హెచ్చును. వానలు చాలనిచో గడ్డి యెరువును గ్రహింపజాలదు. పెట్టిన సొమ్ము వ్యర్థమగును.

కావున రైతు మొదట బీడులో సమానముగా రెండు చిన్న చోటులను కొలిచి, ఒకదానికి మాత్రమే యెరువు చల్లి, రెంటి గడ్డిని కోసి, వేరువేరుగా ఆరబెట్టి తూచవలెను. హెచ్చుగా వచ్చిన మేత వెల యెరువు వెలను మించినప్పుడే తక్కిన బీడునకు చల్లుట లాభకరము.

యెరువు కరగి నేలలో నింకువరకు పశువులను బీడునకు తోలరాదు. యూరియా తినిన పశువునకు ప్రాణాపాయము కలుగును.