ఉమ్రా డబ్బుకు పట్టీ ఏదీ?

ఈ వారం ఉత్తరం గుంటూరు నుంచి. రాసినాయన మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. నూర్‌బాషా కుటుంబం. తాత దూది ఏకేవాడట, మనవడు టిక్కీల లెక్కలు రాస్తున్నాడు. ఆయన స్నేహితుడు నాగులుప్పలపాడు వైపు పత్తి, మిరప వేసే రైతు. సరుకు అమ్ముకోవడానికి యార్డుకు వచ్చిపోతూ కలిసిన స్నేహం. వయసులో పెద్దవాడని ఈయన ‘అన్న’ అంటాడు. హజ్‌కైతే డ్రాలో పేరు రావాలి, నలభై రోజుల దాకా ఇల్లూ పొలమూ వదలాలి. ఉమ్రా ఏడాదిలో ఎప్పుడైనా చేసి రావచ్చు. పైరు కోతకు రాకముందే పదిహేను రోజుల్లో వెళ్లొద్దామని ఇద్దరూ అనుకున్నారు. ఆ తర్వాతి సంగతి ఆయన మాటల్లోనే:

“లాయరు గారూ, ట్రావెల్స్ ఏజెంటు మనిషికి 95 వేలన్నాడు. నా ఫోన్ నుంచి లక్షా నలభై వేలు ఫోన్‌పే చేశాను. మిగతా యాభై వేలు అన్న నోట్ల రూపంలో ఇచ్చాడు. ఏజెంటు తన కరపత్రం వెనకాల ‘ముట్టినది’ అని రాసి సంతకం పెట్టాడు, దాని మీద నా పేరొక్కటే ఉంది. మూడుసార్లు తేదీ మార్చాడు. ఇప్పుడేమో టికెట్ల ధర పెరిగింది, ఇంకో ఇరవై వేలు కట్టమంటాడు. వద్దు, మా డబ్బులు మాకిచ్చేయమంటే కరపత్రం అడుగున ‘నో రీఫండ్’ అని అచ్చేసిన ముక్క చూపించాడు. పాస్‌పోర్టులు కూడా వాడి దగ్గరే ఉన్నాయి. గట్టిగా నిలదీస్తే, అల్లా ఇంటికి పోయే పనిలో ఈ బేరాలేంటి భాయ్ అన్నాడు. అన్న పేరు ఏ కాగితం మీదా లేదు, ఆయనకు హక్కుంటుందా? వాడి ఆఫీసు హైదరాబాద్‌లో. కేసంటే అక్కడిదాకా తిరగాలా?”

ముందు ‘బేరాలేంటి భాయ్’ అన్న మాట సంగతి తేలుద్దాం. సగం మంది నోరు మూతపడేది అక్కడే. ఉమ్రా మీకు ఇబాదత్ (ఆరాధన), ఏజెంటుకు వ్యాపారం. ఇది నేనంటున్న మాట కాదు. హజ్, ఉమ్రా యాత్రలు నడిపే ప్రైవేటు ట్రావెల్స్‌వాళ్లే తమది మతపరమైన సేవ అనీ, జీఎస్టీ వేయకూడదనీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 జులై 26న కోర్టు ఆ పిటిషన్లు కొట్టేసింది. మతక్రతువు జరిపించడం వేరు, అక్కడికి తీసుకెళ్లి టికెట్టూ హోటలూ చూడటం వేరు అన్నది అందులో తేలిన విషయం. పన్ను దగ్గర వ్యాపారం అయినది రీఫండు దగ్గర పుణ్యకార్యం ఎలా అవుతుంది? ఇంకోమాట. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు వ్యవహారాన్ని సాక్షుల ముందు రాసుకోమని చెప్పేదే. యార్డులో కాటా అయ్యాక పట్టీ చేతికి రాకుండా మీ అన్న గేటు దాటతాడా? కోల్డ్ స్టోరేజీలో సరుకు దించి బాండు తీసుకోకుండా ఇంటికి పోతాడా? లక్షా తొంభై వేలకు మాత్రం కరపత్రం వెనక రెండు ముక్కల రాతతో సరిపెట్టుకున్నారు!

అయినా ఆ రెండు ముక్కలను చిన్నచూపు చూడకండి. మీకున్న మొదటి సాక్ష్యం అదే. సరైన బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం దానికదే అనుచిత వ్యాపార విధానం. అంటే రసీదు సరిగా లేకపోవడం మీ తప్పుగా కాదు, ఆయన తప్పుగా లెక్క. ఫోన్‌పే వివరాలున్న బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని ముద్ర వేయించుకోండి. వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజీలు చెరిపేయవద్దు, కేసు తేలేదాకా ఆ ఫోన్ మార్చవద్దు. స్క్రీన్‌షాట్లు తీసుకున్నా అసలు సాక్ష్యం ఫోన్‌లోనే ఉంటుంది.

ఇక అన్నగారి హక్కు. ఉత్తరంలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే. ఇలాంటి యాత్రల్లో ఒకరు కట్టడం, ఇద్దరో నలుగురో వెళ్లడం మామూలే. చట్టంలో ‘వినియోగదారుడు’ అంటే డబ్బు కట్టినవాడొక్కడే కాదు. కట్టినవాడి సమ్మతితో ఆ సేవ పొందే లబ్ధిదారు కూడా వినియోగదారుడే. మీ ఫోన్ నుంచి వెళ్లిన డబ్బులో ఆయన సీటు కూడా ఉంది. ఆయన పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో ఉండటమే అందుకు రుజువు. నోట్లు ఇచ్చినప్పుడు పక్కన ఎవరున్నారో గుర్తుతెచ్చుకుని, వాళ్లచేత అఫిడవిట్ రాయించండి. ఇద్దరూ ఒకే ఫిర్యాదు మీద సంతకాలు పెట్టొచ్చు. కొద్దిమంది వినియోగదారులు కలిసి ఉమ్మడిగా ఫిర్యాదు వేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2021లో, బెంగళూరు బిల్డరు బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో తేల్చింది. ఇద్దరి గోడూ ఒకటే కాబట్టి విడివిడిగా తిరగక్కర్లేదు.

హైదరాబాద్ పోనవసరం కూడా లేదు. పాత చట్టంలో అవతలివాడి ఊరో, గొడవ పుట్టిన చోటో చూసేవారు. ఇప్పుడు ఫిర్యాదుదారు ఉండే చోటే, లేదా పని చేసుకునే చోటే ఫిర్యాదు వేయొచ్చు. మీకు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అన్నగారికి ఒంగోలుది. డబ్బు గుంటూరు నుంచే వెళ్లింది కాబట్టి ఇద్దరూ కలిసి గుంటూరులో వేయడం సుఖం. వీడియో ద్వారా విచారణ కోరే వీలూ ఉంది. జిల్లా కమిషన్ 50 లక్షల దాకా వింటుంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గొడవ పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు (ఈ మాట చెప్పినందుకు బార్ అసోసియేషన్‌లో నాకు టీ పోయించేవాళ్లు తగ్గుతారు). ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, తెలుగులో మాట్లాడొచ్చు. కొందరు ఏజెంట్లు ఆ ఫోనుకే దిగివస్తారు.

‘నో రీఫండ్’ అచ్చు గురించి. మీరే మనసు మార్చుకుని మానేస్తే వీసాకూ టికెట్‌కూ నిజంగా ఖర్చయిన మేరకు ఏజెంటు కోసుకోవచ్చు. ఆ ఖర్చుకు కాగితాలు ఆయనే చూపాలి. ఇక్కడ మానుకున్నది మీరు కాదు, తేదీలు మార్చింది ఆయన. చేయని పనికి డబ్బు అట్టిపెట్టుకోవడం సేవాలోపం. కరపత్రం అడుగున చీమంత అక్షరాలు దాన్ని కప్పిపెట్టలేవు. కట్టిన సొమ్ముతో పాటు వడ్డీ, మానసిక క్షోభకు పరిహారం, ఖర్చులు అడగండి.

పాస్‌పోర్టుల విషయంలో మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది మీ సొత్తు కూడా కాదు, కేంద్ర ప్రభుత్వ సొత్తు. దాన్ని స్వాధీనంలో పెట్టుకునే అధికారం పాస్‌పోర్టు అధికారులదేననీ, కోర్టు సైతం ఆ పని చేయలేదనీ 2008లో సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుకే లేని అధికారం ట్రావెల్స్ కొట్టుకు ఉంటుందా? డబ్బు బాకీకి పాస్‌పోర్టు తాకట్టు కాదు. ‘ఏడు రోజుల్లో రెండు పాస్‌పోర్టులూ పంపించాలి’ అని నోటీసు ఇవ్వండి, ఇవ్వకపోతే పోలీసు ఫిర్యాదు.

పోలీసుల దగ్గర ఒక తేడా గుర్తుంచుకోండి. ఆలస్యమైన ప్రతిదీ మోసం కాదు. మొదటి నుంచీ పంపే ఉద్దేశం లేకుండానే డబ్బు పోగేశాడని తేలాలి. ఇంకెంతమంది దగ్గర ఇలాగే తీసుకున్నాడో ఆరా తీయండి. నలుగురైదుగురు దొరికితే ఆ ఉద్దేశానికి ఆధారం దొరికినట్టే, భారతీయ న్యాయ సంహితలోని 318 (మోసం), 316 (నమ్మకద్రోహం) సెక్షన్ల కింద ఫిర్యాదు చేయొచ్చు. స్టేషన్లో ‘అది హైదరాబాద్ కేసు’ అంటే, ఏ స్టేషన్లోనైనా నమోదు చేయగల జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. పోలీసు కేసు నడుస్తుండగానే వినియోగదారుల కేసూ నడపొచ్చు.

కట్టిన డబ్బులో జీఎస్టీ, టీసీఎస్ ఎంతెంత చేర్చారో అడగండి. విదేశీ టూర్ ప్యాకేజీల మీద 2020 అక్టోబరు నుంచి టీసీఎస్ వసూలు చేస్తున్నారు, రేటు బడ్జెట్లలో మారుతూ వస్తోంది. అది ఏజెంటు సొమ్ము కాదు. మీ పాన్ మీద జమ కావాల్సిన ముందస్తు పన్ను. కట్టాల్సిన పన్ను లేని గుమాస్తా, రైతు రిటర్ను వేస్తే అది తిరిగి వస్తుంది. ఇది తెలియక వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకెవరైనా ప్రయాణానికి సిద్ధమవుతుంటే వాళ్లకూ ఒక ముక్క. 2025 నవంబరు 17న మక్కా నుంచి మదీనా పోతున్న బస్సు డీజిల్ ట్యాంకరును ఢీకొని కాలిపోయి 45 మంది ఉమ్రా యాత్రికులు చనిపోయారు. ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లే. ఒకే ఇంటివాళ్లు ఎంతోమంది పోయారు. ఉమ్రా వీసా రుసుములో సౌదీ బీమా కలిసే ఉంటుంది, ఇక్కడ తీసుకునే ప్రయాణ బీమా దానికి అదనం. ఆ రెండు కాగితాల నకళ్లూ, వీసా నకలూ ప్రయాణంలో లేని మనిషి దగ్గర ఇంట్లో ఉంచండి. స్నేహితులిద్దరూ కలిసి వెళ్తుంటే ఒకరి కాగితాలు రెండోవారి సంచిలో పెట్టుకోవడం జాగ్రత్త కాదు. నామినీ పేరు ఖాళీగా వదలొద్దు. అక్కడ ఇబ్బంది వస్తే జెద్దాలోని భారత కాన్సులేట్ ఉంది, ఆ ఫోన్ నంబరు బయల్దేరే ముందే రాసుకోండి.

గుమాస్తా గారికి చివరిగా: నోటీసు స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. పంపేవారి చోట మీ ఒక్కరి పేరే రాయకండి. పక్కనే అన్నగారి పేరు, కింద రెండు పాస్‌పోర్టుల నంబర్లు, యాభై వేలు ఏ తేదీన ఎవరి ఎదుట ఇచ్చారో రాయండి. ఇరవై వేలు మాత్రం కట్టొద్దు.