ముఖశుద్ధి - దేహరక్షణ

భగవన్నామమును పలికేది నోరు. ప్రసాదమును స్వీకరించేదీ నోరే. అందుచేత మన పెద్దలు దంతధావనము కానిదే పూజకు కూర్చునేవారు కారు. ఈ ఆచారము శౌచమునకే కాక ఆరోగ్యమునకూ మూలము.

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమునందలి దినచర్యాధ్యాయములో మర్రి, చండ్ర, కానుగ, మద్ది మొదలైన పుల్లలను పేర్కొని, చిగుళ్లకు గాయము కాకుండా తోముకొనవలెనని విధించాడు. నోటిపుండ్లు, హృద్రోగము గలవారు పుల్ల వాడరాదని కూడా హెచ్చరించాడు. చరకసంహిత దినమునకు రెండు మార్లు దంతధావనము చెప్పినది.

నేటి వైద్యులు చెప్పునదేమి? వాచిన చిగుళ్ల గుండా సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశించగలవు. గుండె కవాటములలో లోపమున్నవారికి అవి అక్కడ చేరి ప్రాణాపాయము కలిగించవచ్చును. మధుమేహము చిగుళ్లను చెరచును. చెడిన చిగుళ్లు రక్తములోని చక్కెరను అదుపులో ఉండనీయవు.

చిగుళ్ల నుండి రక్తము వచ్చుచున్నా "వయసు మీద పడినది, సహజమే" అని ఉపేక్షించే వృద్ధులు మనలో ఎందరో ఉన్నారు. అది వయోధర్మము కాదు, వ్యాధిలక్షణము. దంతవైద్యుని దర్శించి, మధుమేహ హృద్రోగములున్నచో ముందుగానే తెలుపవలెను.

ఉదయము పూజకు ముందు చేయు ముఖశుద్ధిని రాత్రి శయనమునకు ముందు కూడా చేయుదము. తీపి ప్రసాదము స్వీకరించిన పిదప నోరు పుక్కిలించుదము. దేహరక్షణ కూడా భగవత్సేవయే.