వ్యాను సగం రాదు

పాల సేకరణ వ్యాన్లకు రూట్లు వేసే పనిలో చాలా ఏళ్లు గడిపాను. డీజిల్ ఖర్చు తగ్గాలి, చివరి ఊరి పాలు విరగకముందే చిల్లింగ్ సెంటర్‌కు చేరాలి. ఒకటి పట్టుకుంటే రెండోది జారుతుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నాకు తెలిసినవి చెబుతాను.

1. తొందరపడి రెండు లక్ష్యాలనూ ఒకే అంకెలో కలిపేయకండి. 1947లో డాంజిగ్ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టినప్పటి నుంచి ఒక్క లక్ష్యం పెట్టి లెక్క తేల్చుకోవడం మనకు అలవాటైంది. నిమిషం ఆలస్యానికి ఎన్ని రూపాయలు వేసుకోమంటారని మేనేజర్‌ను అడిగితే ఏదో ఒక అంకె చెబుతారు. ఆ అంకె ఎక్కడికి తీసుకెళ్తుందో ఆయనకూ తెలియదు, మనకూ తెలియదు.

2. నిమిషానికి ఇన్ని రూపాయలు అని వేసే వెయిట్లు ఎన్ని మార్చినా కొన్ని మంచి ప్లాన్లు కంటికే కనపడవు. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది, అందుకే వివరంగా చెబుతున్నాను. మూడు ప్లాన్లు ఉన్నాయనుకోండి. మొదటిదానికి అదనపు ఖర్చు లేదు, ఆలస్యం 100 నిమిషాలు. రెండోదానికి 1000 రూపాయలు, ఆలస్యం లేదు. మూడోదానికి 600 రూపాయలు, 60 నిమిషాలు. మూడోది మొదటిదాన్ని గెలవాలంటే నిమిషం విలువ 15 రూపాయలు దాటాలి. రెండోదాన్ని గెలవాలంటే 7 రూపాయల లోపే ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు. అదే లీనియర్ లెక్కయితే మొదటి రెండింటినీ సగం సగం కలిపి 500 రూపాయలకు 50 నిమిషాలు తెచ్చుకోవచ్చు, మూడోదాని అవసరమే ఉండదు. కానీ వ్యాను సగం రాదు. పూర్ణాంకాల లెక్కలో ఆ మూడోదే చాలాసార్లు మనకు కావలసింది.

3. వెయిటు అడగకండి, హద్దు అడగండి. "డీజిల్‌కు 700 దాటకూడదు" అని చెప్పడం ఎవరికైనా వస్తుంది. ఆ హద్దు పెట్టి ఆలస్యాన్ని తగ్గించమంటే మూడో ప్లాను బయటపడుతుంది. 1971లో హైమ్స్, లాస్డన్, విస్మర్ రాసిన ఎప్సిలాన్ పద్ధతి ఇదే. ఖర్చులన్నీ పూర్తి రూపాయల్లోనే ఉంటే, దొరికిన ఖర్చు కంటే ఒక్క రూపాయి తక్కువకు హద్దు దించి, లెక్క తేల్చే సాల్వర్‌ను మళ్లీ నడపండి. అలా దించుకుంటూ పోతే ఒక్క మంచి ప్లానూ తప్పిపోదు.

4. ప్రతిసారీ రెండోసారి కూడా నడపండి. అరవై నిమిషాలకు 600 ప్లాను, 700 ప్లాను రెండూ ఉంటే, సాల్వర్‌కు ఏది ముందు తగిలితే అదే ఇస్తుంది. వచ్చిన ఆలస్యాన్ని బిగించి, ఈసారి ఖర్చు తగ్గించమనాలి. ఇది చేయక ఒక సీజనంతా డీజిల్ దండగ చేశాను.

5. ముందు ఖర్చు, ఆ తర్వాతే ఆలస్యం అని వరస కడితే రెండోదానికి మాటే దక్కదు. లీటరు డీజిల్ మిగలడం కోసం పాలను గంటసేపు ఎండలో నిలబెట్టిన ప్లాను నా చేతులతోనే ఇచ్చాను. మొదటి లక్ష్యానికి నూటికి రెండో మూడో సడలింపు ఇచ్చి చూడండి.

6. మూడో లక్ష్యంగా డ్రైవర్లందరికీ సమానంగా పని అన్నది కలిస్తే ప్లాన్లు గుట్టలుగా వస్తాయి. అన్నీ చూపించకండి, ఏడెనిమిది చాలు.

మేం ఎనిమిది ప్లాన్లు గోడకు అంటించాం. క్యాన్లు ఎత్తే కుర్రాడు వాటిలో అన్నిటికంటే చౌకదాని మీద వేలు పెట్టి, "ఈ టైముకు ఆ ఊళ్లో ఇంకా పాలు పితకరు సార్" అన్నాడు. ఆ హద్దు మా లెక్కలో లేనే లేదు. ఆ రోజే చేర్చి, మళ్లీ మొదటి నుంచి నడిపాం.